రేకుల షెడ్డుకు లోకప్పు – ఎందుకు? ఎట్లా?



మన బడి వెనకాల ఉండే పని షెడ్డు సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. ఇనుప పైపులు పాతి, పైన ట్రస్సులు బిగించి, జింకు రేకులు కప్పినారు. చుట్టూ గోడ నడుము ఎత్తే. కుట్టు మిషన్లు, వడ్రంగి బల్ల, ఉలులు, రంపాలు అన్నీ అందులోనే. సంక్రాంతి దాకా బాగానే ఉంటుంది. మార్చి వచ్చిందంటే పగలు పదకొండు తర్వాత లోపల నిలబడలేం. ఏప్రిల్లో పని పీరియడు అంటే చెట్టు కింద కబుర్ల పీరియడే. టెన్తు అయినాక ఐ.టి.ఐ.కి పోదామనుకునే వాళ్లకు, టైలరింగు నేర్చుకుని ఇంటికి నాలుగు రూపాయలు పంపిద్దామనుకునే అక్కలకు ఈ రెండు నెలలు పోతే మళ్లీ రావు.

దీనికి ఉపాయం ఉంది. రేకులకు కింద ఇంకొక కప్పు వేయడం. పట్నంలో దాన్ని సీలింగు అంటారు. మనం లోకప్పు అనుకుందాం. షోకు కోసం కాదు, పని జరగడం కోసం.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కుప్పం, పలమనేరు వైపు పట్టుపురుగులు మేపే రైతుల షెడ్లు చూసిన వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, నూటికి 70 పాళ్లకు పైగా తేమ ఉండాలి. లేకపోతే పురుగు ఆకు తినదు, గూడు కట్టదు. అందుకని రేకుల షెడ్డు మీద కొబ్బరి మట్టలు కప్పుతారు, లోపల తడికలు కడతారు, గోనెపట్టాలు తడిపి వేలాడదీస్తారు. పురుగు అలిగితే రైతుకు నష్టం. మనం అలిగితే ఎవరికీ నష్టం లేదు గదా! (వార్డెన్ సారు కోప్పడకూడదు, తమాషాకు రాసినా.) పెద్దవాళ్ల పనిశాలల గురించి కూడా చట్టం ఈ మాట చెప్పింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షనులో, లోపల వేడి వీలైనంత తక్కువ ఉండేటట్టు గోడలు, పైకప్పు కట్టాలని రాసినారు. పదిమంది పనివాళ్లు కూడా లేని చిన్న షెడ్లకు అది వర్తించలేదు. మన ఊళ్లలో ఉండేవి అన్నీ చిన్న షెడ్లే.

రేకుల కింద అంత వేడి ఎందుకు?

వేడి మూడు రకాలుగా ప్రయాణం చేస్తుందని సైన్సు సారు చెప్పినారు. వహనం, సంవహనం, వికిరణం. పరీక్షలో రాసి మరిచిపోయినాం. షెడ్డులో ఈ మూడూ కనిపిస్తాయి.

రేకు చాలా పలచన. పైన ఎండ తగిలితే నిమిషాల్లో ఆ వేడి కిందివైపుకు వచ్చేస్తుంది. ఇది వహనం. మే నెలలో తిరుపతిలో గాలి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు పాతబడిన రేకు 60 డిగ్రీలు కూడా దాటుతుంది, చెయ్యి పెట్టలేం. రేకును ఆనుకున్న గాలి కాగి పైననే నిలిచిపోతుంది. వేడి గాలి తేలిక కాబట్టి కిందికి రాదు. మరి కింద కూర్చున్న మన నడినెత్తి ఎందుకు మాడుతుంది? వికిరణం వల్ల. కాగిన రేకు పొయ్యిలో నిప్పు మాదిరి వేడిని కిరణాలుగా కిందికి కొడుతుంది. దానికి మధ్యలో గాలితో పని లేదు.

నమ్మకం లేకపోతే ఒక ప్రయోగం చేయండి. మధ్యాహ్నం షెడ్డులో నిలబడి, నెత్తికి జానెడు పైన అట్ట ఉన్న నోటుబుక్కు పట్టుకోండి. వెంటనే నెత్తి చల్లబడినట్టు అనిపిస్తుంది. పుస్తకం తీసేయండి, మళ్లీ చుర్రు. ఆ కాసేపట్లో షెడ్డులో గాలి వేడి ఏమీ తగ్గలేదు. పుస్తకం కిరణాలకు అడ్డం వచ్చింది, అంతే. లోకప్పు చేసే ముఖ్యమైన పని ఇదే. షెడ్డంతటికీ ఒక పెద్ద నోటుబుక్కు పట్టుకోవడం.

ఇంకొక లాభం కూడా ఉంది. వాన పడేటప్పుడు రేకుల కింద సారు చెప్పేది మనకు వినబడదు, మనం అడిగేది సారుకు వినబడదు. లోకప్పు ఉంటే ఆ డప్పుల మోత చాలా తగ్గుతుంది.

మన పాత కప్పులు

మన తాతలకు ఈ ఇబ్బంది లేదు. వాళ్లకు వేరే ఇబ్బందులు ఉన్నాయి. గుంజలు పాతి, మధ్యలో నిట్రాడు నిలబెట్టి, వాసాలు వేసి, బోద గడ్డితోనో చెరకు ఆకుతోనో కప్పితే అది కొట్టం. గడ్డి మందంగా ఉంటుంది, దాంట్లో గాలి నిలిచి ఉంటుంది. నిలిచిన గాలిలోనుంచి వేడి త్వరగా దిగదు. కానీ మూడు నాలుగేండ్లకు మళ్లీ కప్పాలి, నిప్పుకు భయం, ఎలుకలకూ పాములకూ నిలయం.

కాస్త ఉన్నవాళ్లు చౌడు మిద్దె వేసుకున్నారు. దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కట్టెలో బండలో పరిచి, పైన చౌడు మట్టి జానెడు మందం పోసి తొక్కేవాళ్లు. పొద్దున పడిన ఎండ ఆ మట్టిని దాటుకుని లోపలికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. మన చంద్రగిరి కోటలో రాజమహల్ చూసినారు గదా! రాయి, ఇటుక, సున్నం, అంతే. కప్పులకు కూడా కొయ్య వాడలేదు. మే నెలలో ఎక్స్‌కర్షనుకు పోయినా లోపల చల్లగా ఉంటుంది, గోడల మందం అలాంటిది.

రేకు వచ్చింది మన దేశం నుంచి కాదు. లండన్ రేవులో పనిచేసిన హెన్రీ పామర్ అనే ఇంజనీరు 1829లో ముడతల రేకుకు పేటెంటు తీసుకున్నాడు. పలచని రేకును అలలు అలలుగా ముడిచేసరికి అది వంగకుండా తన బరువు తానే మోసుకోగలిగింది. ఒక కాగితం తీసుకుని మడతలు మడతలుగా మడిచి రెండు పుస్తకాల మధ్య పెట్టి చూడండి, పెన్ను కూడా మోస్తుంది. తర్వాత 1837లో ఫ్రాన్సులో సోరెల్ అనే ఆయన ఇనుముకు జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు పొందాడు. తుప్పు బాధ తగ్గింది. అప్పటినుంచి రేకు ప్రపంచమంతా తిరిగింది. తేలిక, చవక, ఒక్క రోజులో కప్పేయొచ్చు. వాళ్లది చలి దేశం, మనది ఎండ దేశం. తేడా అక్కడే వచ్చింది.

లోకప్పు కంటే ముందు చేయాల్సింది

నన్నడిగితే, డబ్బులు ఒక్కదానికే ఉంటే లోకప్పు వద్దు, రేకుల పైన తెల్ల పెయింటు వేయించండి అంటాను. లోకప్పు వేడి లోపలికి వచ్చినాక అడ్డుకుంటుంది. తెలుపు రంగు బయటనే తిప్పి పంపుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ పాలసీ అని ఒకటి ప్రకటించింది.

అయితే ఒక జాగ్రత్త. చవకగా ఉంటుందని చాలామంది సున్నం కొడతారు. కాంక్రీటు మిద్దెకు సున్నం మంచిదే. జింకు రేకుకు మాత్రం తడి సున్నం పడదు. టెన్తు సైన్సులో జింకు ముక్కలు సోడియం హైడ్రాక్సైడ్‌లో వేస్తే హైడ్రోజన్ బుడగలు వస్తాయని చదివినాం. ఆమ్లమే కాదు, క్షారం కూడా జింకును తింటుంది. సున్నం క్షారమే. పూత పోతే కింద ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి రేకులకని చేసిన తెల్ల పెయింటే వేయాలి. ఏటా దుమ్ము కడగాలి, కొన్నేళ్లకు మళ్లీ వేయాలి.

రెండూ చేయగలిగితే ఇంక అడగాల్సిన పని లేదు.

రెండో సంగతి, వాన కారడం. 2021 నవంబరులో తిరుపతిలో వీధులు ఏరులై పారిన వాన గుర్తుందా? అట్లాంటి వానకు ఎక్కడెక్కడ కారుతుందో ముందే చూసుకుని, బోల్టుల కింద వాషర్లు మార్చి, చిల్లులు మూయించాలి. లోకప్పు వేసినాక కారితే ఎక్కడ కారుతుందో కనబడదు. నీళ్లు ఒకచోట పడి ఇంకొకచోట బయటికి వస్తాయి. అప్పటికి తడిక కుళ్లిపోయి ఉంటుంది.

మూడోది చాలా ముఖ్యం. పైన ఉన్నది జింకు రేకా, సిమెంటు రేకా? పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. మన పక్కన కడప జిల్లా పులివెందుల దగ్గర కూడా ఈ రాతినార గనులు నడిచినాయి. ఆ నార దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏండ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది, కాన్సరుకు కారణమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మాట గట్టిగానే చెబుతుంది. 1995లో సుప్రీంకోర్టు కూడా ఈ పరిశ్రమలో పనిచేసే వాళ్ల ఆరోగ్యం గురించి తీర్పు ఇచ్చింది. రేకు కదలకుండా పగలకుండా ఉంటే పెద్ద ప్రమాదం లేదు. దానికి డ్రిల్లు వేయడం, రంపంతో కోయడం, పొడిగా చీపురుతో ఊడవడం, విరిగిన ముక్కలతో ఆడుకోవడం మాత్రం పనికిరాదు. సిమెంటు రేకుల షెడ్డు అయితే లోకప్పును రేకుకు కాదు, కింద ఉండే పైపులకే కట్టాలి. ఎవరూ ఆ రేకుల మీద ఎక్కకూడదు కూడా, పుటుక్కున విరుగుతాయి.

బరువు లెక్క

ఇక్కడ చాలామంది తొందరపడతారు. షెడ్డు కట్టేటప్పుడు మేస్త్రీ రేకుల బరువు, గాలి ఒత్తిడి లెక్క వేసుకుంటాడు. కింద ఇంకొక కప్పు వేలాడుతుందని ఆయనకు తెలియదు.

ఉదాహరణకు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు షెడ్డు అనుకుందాం. 600 చదరపు అడుగులు. అంటే దగ్గర దగ్గర 56 చదరపు మీటర్లు. పట్నంలో ఇళ్లకు వేసే జిప్సం బోర్డు చదరపు మీటరుకు 8, 9 కిలోలు తూగుతుంది. 56ను 9తో గుణిస్తే 504. అరటన్ను! యాభై కిలోల బియ్యం మూటలు పది పైన వేలాడదీసినట్టు. దాన్ని పట్టే ఇనుప చట్రం బరువు వేరే. పలచని పైపుల షెడ్డు అంత మోస్తుందా అనేది వెల్డింగు మేస్త్రీని, వీలైతే ఇంజనీరును అడగాల్సిందే. మనం ఊహించి చెప్పే మాట కాదు.

తడిక అయితే చాలా తేలిక. ఎంత తేలికో లెక్క వేసుకోవచ్చు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ముక్క కోసి, మన స్టోరు రూములో సరుకులు తూచే తక్కెడలో తూచి, 600తో గుణించండి. ఏ వస్తువుకైనా ఇదే పద్ధతి.

ట్రస్సుకు అడుగున అడ్డంగా ఉండే పైపును చూసి చాలామంది అది ఊరికే ఉందనుకుంటారు. ఇద్దరు పిల్లోళ్లు ఎదురెదురుగా నిలబడి, చేతులు చేతులకు ఆనించి ముందుకు వాలండి. కాళ్లు వెనక్కి జారతాయి. ఇప్పుడు ఇద్దరి కాళ్లకూ కలిపి తాడు కట్టి అదే చేయండి. జారవు. ట్రస్సు కింది పైపు ఆ తాడే. రేకుల బరువుకు ఏటవాలు పైపులు రెండు పక్కలకు విడిపోకుండా అది లాగి పట్టుకుంటుంది. కాబట్టి లోకప్పు కోసమని దాన్ని కోయకూడదు, రంధ్రాలు వేయకూడదు. యు ఆకారం బోల్టులు చుట్టూ వేసి బిగించాలి.

ట్రస్సులు లేని షెడ్లు మన పక్క చాలా ఉన్నాయి. రాతి కూసాలు పాతి, వాటి మీద పైపులో సరుగుడు వాసాలో ఏటవాలుగా వేసి రేకులు కప్పినవి. వాటికి మట్టంగా లోకప్పు వేయడం కష్టం. వాసాల కిందనే వాలుగా తడికలు కట్టేయడం మేలు. రేకుకూ తడికకూ మధ్య అర అడుగు సందు ఉంటే చాలు.

ఏ వస్తువుతో వేయాలి?

థర్మాకోల్ వద్దు. ఇది ముందే చెప్పేస్తున్నా. చవక, తేలిక, తెల్లగా ముద్దుగా ఉంటుంది, వేడిని కూడా బాగా ఆపుతుంది. కానీ నిప్పు తగిలితే కరిగి మండుతూ నెత్తిన చుక్కలుగా పడుతుంది, నల్లని పొగ వస్తుంది. ప్లాస్టిక్ పలకలు కూడా వేడికి వంగిపోతాయి, మంటలో పడితే విషపు పొగ వదులుతాయి.

2004 జూలై 16న తమిళనాడులో కుంభకోణంలో ఒక బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయినారు. వంటింట్లో పుట్టిన మంట తాటాకుల కప్పుకు అంటుకుంది. చిన్న చిన్న పిల్లోళ్లు, ఒకటే ఇరుకు మెట్ల దారి. ఆ తర్వాత 2009లో సుప్రీంకోర్టు బడుల్లో అగ్ని ప్రమాదాల నివారణ గురించి తీర్పు ఇచ్చింది. పిల్లలు కూర్చునే చోట పైన ఏమి వేస్తున్నామనే ప్రశ్న వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చేది ఇదే. చల్లదనం తర్వాత.

మరి తడిక కూడా కాలుతుంది గదా అంటారు. నిజమే. అందుకే రెండు మాటలు. వెల్డింగు చేసే చోట, పొయ్యి ఉండే చోట తడిక వేయనే కూడదు. అక్కడ సిమెంటు బోర్డో, ఇంకొక వరస రేకో వేయాలి. కుట్టు మిషన్లు, వడ్రంగి పని ఉండే చోట వేయొచ్చు. అయితే పైన విద్యుత్ తీగలు సరిగ్గా ఉండాలి, షెడ్డుకు రెండు పక్కలా బయటికి దారి ఉండాలి, ఇసుక బకెట్లు ఉండాలి. తడికకు పేడ కలిపిన ఎర్రమట్టి పూస్తే త్వరగా అంటుకోదు. పాత ఇండ్లలో అటకకు మందంగా మట్టి మెత్తేది కూడా ఇందుకే. గడ్డి కాలినా అటక కింద ఉన్న సామాను కొంతైనా దక్కేది. మట్టి పూస్తే బరువు పెరుగుతుంది, అది లెక్కలో కలుపుకోవాలి.

ఇంకొకటి, వెదురు తడికలను జిగురుతో అతికించి యంత్రంలో నొక్కి గట్టి పలకలు చేసే పద్ధతిని బెంగుళూరులోని ప్లైవుడ్ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేసినారు. అవి దొరికితే మంచివే. మన దగ్గర సులభంగా దొరికేది చేత్తో అల్లిన తడికే.

వెదురు – మన ఇంటి పని

మన హాస్టల్లో ఎరుకల పిల్లలం చాలామందిమి ఉన్నాం. ఇంట్లో అమ్మ, అవ్వ గంపలు, చేటలు, తట్టలు అల్లుతారు. "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని కొత్త సారు అడిగితే "కూలి" అని చెప్పే వాళ్లను నేను చూసినాను. అల్లిక అని చెప్పరు. ఈ లోకప్పుకు ఏ పట్నం మేస్త్రీకీ చేతకాని పని ఆ అల్లికే. వెదురును నిలువుగా చీల్చి, లోపలి మెత్తటి భాగం తీసేసి, ఒకే మందంలో దబ్బలు తీయడం రెండు రోజుల్లో వచ్చే విద్య కాదు. రెండు పైన, రెండు కింద అల్లిక అయితే తడిక దట్టంగా వస్తుంది, దుమ్ము రాలదు.

వెదురు ఎక్కడినుంచి వస్తుంది? 1927 నాటి అటవీ చట్టంలో వెదురును చెట్టుగా లెక్కవేసినారు. అందుకని సొంత పొలంలో పెరిగిన వెదురు కొట్టడానికి, తీసుకుపోవడానికి కూడా పర్మిట్ల బాధ ఉండేది. 2017లో చట్టం సవరించి, అడవి బయట పెరిగే వెదురును ఆ లెక్కలోనుంచి తీసేసినారు. ఇక అడవిలో వెదురు సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. హక్కు ఉన్నవాళ్లు గ్రామసభ ద్వారా సేకరించుకోవచ్చు. అట్లని నేషనల్ పార్కులోకి కత్తి పట్టుకుని పోకూడదు. శేషాచలం అడవిలో ఎర్రచందనం దుంగ అయితే ముట్టుకుంటేనే కేసు. దబ్బకు, గుంజకు అంటూ ఎవరైనా చవకగా తెచ్చి ఇస్తామంటే నమ్మొద్దు.

వెదురుకు శత్రువు పురుగు. తెల్లని పిండి మాదిరి పొడి రాలడం మీరు చూసే ఉంటారు. వెదురులో ఉండే పిండిపదార్థం కోసమే పురుగు వస్తుంది. కాబట్టి మూడు నాలుగేండ్లు ముదిరిన వెదురును వానలు వెనకబడినాక, చలికాలంలో కొట్టాలి. అప్పుడు పిండి తక్కువ. పాత పద్ధతిలో రెండు మూడు వారాలు నీళ్లలో నానేస్తారు, పిండి కరిగిపోతుంది. వాసన మాత్రం చెప్పలేం! కొత్త పద్ధతిలో 100 లీటర్ల నీళ్లకు 3 కిలోల వెలిగారం, 2 కిలోల బోరిక్ ఆసిడ్ కలిపి, చీల్చిన దబ్బలను వారం రోజులు నానబెట్టి నీడలో ఆరబెడతారు. అల్లకముందే ఇది చేయాలి. ఈ మందు నిప్పును కూడా కొంత ఆపుతుంది. వానలో తడిస్తే కరిగిపోతుంది గానీ లోకప్పు వానలో తడవదు గదా. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మిగిలిన నీళ్లు గొడ్లు తాగే చోట, కుంటలో పారబోయకూడదు. చిన్నపిల్లలను దగ్గరికి రానీయొద్దు.

పని ఎట్లా జరుగుతుంది

మొదట మెయిన్ స్విచ్ ఆపాలి. తర్వాత మట్టం. నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి నేలనుంచి కొలిస్తే లోకప్పు వంకర పోతుంది. మేస్త్రీలు నీళ్ల ట్యూబు వాడతారు. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యూబులో బుడగలు లేకుండా నీళ్లు నింపి, ఒక కొస ఒక స్తంభం దగ్గర, ఇంకొక కొస ఎదుటి స్తంభం దగ్గర పట్టుకుంటే, ఎంత దూరమైనా రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తులో నిలబడతాయి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టడమే. సైన్సులో "ద్రవం తన మట్టాన్ని తానే చూసుకుంటుంది" అని చదివిందే ఇది. అన్ని స్తంభాలకూ గుర్తులు పెట్టి, సున్నం అద్దిన దారం లాగి కొడితే గీత పడుతుంది.

ఎత్తు ఎంత? మనుషులు ఉండే గదికి 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు తగ్గకూడదని కట్టడాల నియమం. ఫ్యాన్లు ఉండే షెడ్డుకు పదడుగులైనా ఉంచితే మంచిది. పొడుగాటి చెక్క పలక నిలబెడితే పైన తగలకూడదు. ఫ్యాన్లు లోకప్పుకు వేలాడదీయొద్దు. రాడ్డు లోకప్పును దాటుకుని పైన ట్రస్సుకే బిగించాలి.

మనం అనుకున్న 30, 20 అడుగుల షెడ్డుకు ట్రస్సులు పదేసి అడుగులకు ఒకటి చొప్పున నాలుగు ఉంటాయి. వాటి కింద పొడవునా రెండడుగులకు ఒక వరస సన్న చదరపు పైపులు బిగించాలి. 20 అడుగుల వెడల్పుకు పదకొండు వరసలు. వరసకు 30 అడుగులు, మొత్తం 330 అడుగులు. పైపు 20 అడుగుల పొడవు వస్తుంది, అంటే 17 పైపులు. తడికలు ఆరడుగులు, నాలుగడుగుల కొలతలో అల్లిస్తే పొడవుకు ఐదు, వెడల్పుకు ఐదు, మొత్తం 25. కోతలకూ పొరపాట్లకూ మూడు ఎక్కువ. (వరసలు పది కాదా అని మా క్లాసులో వాదన జరిగింది. రెండు కొసలా లెక్కపెట్టండి, పదకొండే.) తడిక కింద వెదురు బద్ద అడ్డం పెట్టి, కట్టుకమ్మీతో పైపుకు బిగిస్తే తడిక జారదు. తడికల అతుకులు బద్దల కిందికే రావాలి.

అన్నిటికంటే ఎక్కువమంది మరిచిపోయేది గాలి దారి. రేకుకూ లోకప్పుకూ మధ్య ఉన్న గాలి కాగి అక్కడే ఉండిపోతే సాయంత్రానికి తడిక కూడా కాగి, అదే కిరణాలు కొడుతుంది. కాబట్టి కింద చూరు దగ్గర సందు వదలాలి, పైన నడికొప్పు దగ్గర రెండు పక్కల త్రికోణాల్లోనూ కిటికీ అంత సందు వదలాలి. చల్లగాలి చూరులో దూరి, వేడిగాలి పైనుంచి పోతుంది. ఫ్యాను అక్కర లేదు. అన్ని సందులకూ కోడి జాలీ కొట్టాలి. లేకపోతే నెల తిరక్కుండానే గబ్బిలాలు, ఎలుకలు కాపురం పెడతాయి. ఎలుకల వెనక పాము వస్తుంది. మన బడి చుట్టూ పొలాలే, చెప్పేదేముంది.

డబ్బులుంటే రేకు కింద మెరిసే అల్యూమినియం పొర కూడా కట్టొచ్చు. అది కాగినా కిరణాలు చాలా తక్కువ కొడుతుంది. మెరుపు వైపు కిందికి ఉండాలి, పైకి పెడితే దుమ్ము పడి మెరుపు పోతుంది. కింద ఖాళీ గాలి ఉండాలి, తడికకు అంటించేస్తే ఉపయోగం లేదు.

తీగలన్నీ పైపుల్లోనే పోవాలి. లోకప్పు పైన ఒక్క అతుకు కూడా ఉండకూడదు. ఎలుక కొరికిన తీగ, ఎండిన తడిక రెండూ పక్కపక్కన ఉండడం కంటే ప్రమాదం లేదు. ఒక మూల రెండడుగుల చదరపు తలుపు పెడితే ఏటా ఎక్కి చూడొచ్చు. అట్లని దాన్ని అటక చేసి పాత బల్లలు, ట్రంకు పెట్టెలు పైకి ఎక్కించకూడదు. ఈ మాట వార్డెన్ సారుకూ, మనకూ.

చలి దేశాల్లో కూడా గుంజలు పాతి కట్టిన ఇట్లాంటి పెద్ద షెడ్లకు లోకప్పులు వేస్తారు. అమెరికాలో రైతుల పనిశాలలు చాలావరకు అట్లాంటివే. కానీ వాళ్లు వేసేది లోపలి వెచ్చదనం బయటికి పోకుండా. లోపలి తేమ పైకి పోయి చల్లని రేకుకు తగిలి నీళ్లుగా కారకుండా లోకప్పు పైన ప్లాస్టిక్ పట్టా కూడా పరుస్తారు. మనకు ఆ పట్టా వద్దు. డిసెంబరు తెల్లవారుజామున మన రేకుల కింద కూడా చెమ్మ పడుతుంది గానీ, గాలి దారి ఉంటే తొమ్మిది గంటలకల్లా ఆరిపోతుంది.

వార్డెన్ సారుకు, మేడంకు మా మనవి. షెడ్డు మొత్తం ఒకేసారి వద్దు. ముందు కుట్టు మిషన్లు ఉండే సగానికి వేయించండి. రెండు సగాల్లోనూ ఒకే ఎత్తులో ఒక్కొక్క థర్మామీటరు వేలాడదీస్తాం. మెర్క్యురీ బుడ్డికి రేకు కిరణాలు నేరుగా తగిలినా పరవాలేదు, మన నెత్తికీ అట్లే తగులుతాయి. రోజూ పదకొండుకు, రెండుకు, నాలుగుకు తొమ్మిదో తరగతి వాళ్లు చూసి ఈ పత్రిక పక్కనే రాసి పెడతారు. వెదురు కొట్టేది కార్తీక మాసం దాటినాక, నానేది, ఆరేది డిసెంబరు ఆఖరుకు, అల్లేది సంక్రాంతి సెలవుల్లో. అల్లడానికి రాగలిగిన అమ్మానాన్నల పేర్లు పిల్లలు లీడరుకు ఇవ్వాలి. కూలి మాత్రం గంపకు ఇచ్చినట్టు కాదు, మేస్త్రీకి ఇచ్చినట్టు ఇవ్వాలి.